ఓడపట్టీలలో పూర్వికుల జాడ

ఏటి మూలమును, ఋషి మూలమును విచారింపరాదని మన పెద్దల మాట. ఆ రెంటిని విచారింపకున్నను లోకమునకు నష్టము లేదు. ఏరు పారుచునే యుండును. ఋషి చెప్పిన మంచిమాట నిలిచియే యుండును. సామాన్య గృహస్థుని మూలము సంగతి అట్టిది కాదు. తాతముత్తాతల ఊరేదో, ఇంటిపేరేదో తెలియనివాడు నీవెవరివని అడిగినప్పుడు సగము సమాధానమే చెప్పగలడు. నూరు, నూటయేబది సంవత్సరములకు పూర్వము సముద్రము దాటిపోయిన తెలుగు కుటుంబముల వారసులు నేడు ఆ మిగిలిన సగము కొరకు వెదకుకొనుచున్నారు. ఆ వెదకులాట ఎట్లు సాగును, దానికి ఆధారమగు కాగితములేవి, వానిని ఎట్లు చదువవలెను అను విషయములను ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఇది దూరదేశపు కథవలె తోచును గాని, చివరకు మన మల్లాపురపు వాకిటికే వచ్చి నిలుచును.

ఎవరు వెళ్ళిరి, ఎందుకు వెళ్ళిరి?

ఆంగ్ల సామ్రాజ్యమున బానిసత్వము రద్దయిన పిమ్మట చెరకుతోటల యజమానులకు పనివారు కరవైరి. అప్పుడు మనదేశము నుండి ఒడంబడికపై కూలీలను రప్పించు పద్ధతి యేర్పడినది. 1834వ సంవత్సరము నవంబరు 2వ తేదీన 'అట్లాస్' అను ఓడ 36 మంది కూలీలతో కలకత్తా నుండి మారిషస్ దీవికి చేరెను. తరువాతి కాలమున ఆ చిన్న దీవికి వెళ్ళినవారి సంఖ్య సుమారు నాలుగున్నర లక్షలు. దక్షిణాఫ్రికాలోని నాటాలుకు మొదటి ఓడ మన మద్రాసు రేవు నుండియే బయలుదేరినది. దాని పేరు 'ట్రూరో'. అది 342 మందితో 1860 నవంబరు 16న డర్బను రేవు చేరెను. అది మొదలు 1911లో ఆ పద్ధతి నిలిచిపోవువరకు నాటాలుకు చేరినవారు 1,52,184 మంది. వారిలో ఇంచుమించు మూడింట రెండు పాళ్ళవారు మద్రాసు రేవున ఓడ యెక్కినవారే. ఫిజీ దీవులకు 1879 నుండి 1916 వరకు అరువదివేలకు పైగా వెళ్ళిరి. మద్రాసు నుండి అక్కడకు ఓడలు 1903లో మొదలయ్యెను.

ఒడంబడిక కాలము అయిదేండ్లు. నాటాలులో మొదటి యేట నెలకు పది షిల్లింగుల జీతము. ఆపైన ఏటికొక షిల్లింగు హెచ్చు. 'అగ్రిమెంటు' అను మాటయే ఉత్తరాదివారి నోట 'గిర్మిట్' అయి, ఆ కూలీలకు గిర్మిటియాలను పేరు తెచ్చినది.

ఇంటిని, ఊరిని, ఏటిగట్టును విడిచి అంత దూరము పోవుటకు కారణము వేరుగా చెప్పనక్కరలేదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిని పీడించిన గొప్ప కరవును చెప్పిన చాలును. సేలము జిల్లా ఆ కరవునకు మిక్కిలి లోనయిన జిల్లాలలో నొకటి. 1871 జనాభా లెక్కలలో ఈ జిల్లా ప్రజల సంఖ్య సుమారు 19 లక్షల 67 వేలు. 1881 నాటికి అది 16 లక్షలకు తగ్గిపోయెను. ఆ తగ్గినవారిలో మరణించినవారే అధికులు. పొట్ట చేతబట్టుకొని పోయినవారును కలరు. మన ధర్మపురి ప్రాంతము 1965 అక్టోబరు 2వ తేదీ వరకు సేలము జిల్లాలోనిదే యని విద్యార్థులు జ్ఞాపకముంచుకొనవలెను. మద్రాసు నుండి మన బొమ్మిడి మీదుగా సేలమునకు పోవు రైలుమార్గము 1860 దశకపు ఆరంభముననే వెలసియుండెను. కరవు తరిమినవానికి రేవు చేరుట అంతకుముందువలె అసాధ్యము కాకపోయెను.

పట్టీలో ఏమి యుండును?

ఓడ యెక్కు ప్రతి మనిషిని గూర్చియు ఒక వరుస వ్రాసిరి. దీనినే ఓడపట్టీ యనుచున్నాము. నాటాలుకు పోయిన వారి పట్టీలు డర్బనులోని ప్రభుత్వ పత్రాలయమున భద్రముగా నున్నవి. మారిషస్‌లోని పట్టీలు మోకా పట్టణమందలి మహాత్మాగాంధీ సంస్థయందు గలవు; 1860 దశకము తరువాత వెళ్ళినవారి ఛాయాచిత్రములు కూడ అనేకము అచ్చట నిలిచియున్నవి. ఫిజీకి పోయినవారికి ఒక్కొక్కరికి ఒక చీటీ చొప్పున వ్రాసిరి. అవి సువా పట్టణపు పత్రాలయమున నున్నవి.

నాటాలు పట్టీలో మొదటి గడి సంఖ్య. తరువాత పేరు, తండ్రిపేరు, వయసు, ఆడ లేక మగ, కులము, జిల్లా, తాలూకా, గ్రామము, శరీరముపై గుర్తులు వరుసగా నుండును. ఎవరి తోటకు పంపిరో ఆ యజమాని పేరు కూడ కనిపించును. శరీరపు గుర్తులనగా మన పాఠశాల సర్టిఫికెట్టులలో పుట్టుమచ్చలు వ్రాయునట్లే, నుదుటి మీది మచ్చయో, మోకాటి మీది గాయపు గుర్తో వ్రాయుట. కూలివాడు పారిపోయినచో పట్టుకొనుట కొరకు వ్రాసిన గుర్తులవి. నేడు మునిమనుమనికి తన ముత్తాత దేహమును గూర్చి తెలిసినది ఆ యొక్క మచ్చయే!

ఈ గడులలో మొదటిదగు సంఖ్యయే అన్నిటికంటె ముఖ్యమైనది. పేరు మారవచ్చును, అక్షరములు తారుమారు కావచ్చును, సంఖ్య మాత్రము మారదు. ఆ కూలివాని వివాహము, విడుదల కాగితము, మరణపు నమోదు అన్నియు ఆ సంఖ్యతోనే కూడియుండును. అక్కడ పుట్టిన బిడ్డలను కూడ తల్లిదండ్రుల సంఖ్యతోనే గుర్తించుచుండిరి. కాబట్టి వెదకువారు మొదట తమ యింటిలోని పాత కాగితములను, ముఖ్యముగా మరణ పత్రములను పరిశీలించి ఆ సంఖ్యను సంపాదింపవలెను. సంఖ్య దొరికిన వెంటనే పట్టీ దొరకును. పట్టీ దొరకిన వెంటనే ఊరిపేరు దొరకును. అసలు చిక్కు అక్కడనే మొదలగును.

పేరు, ఊరు, జిల్లా

కూలి తన పేరును తెలుగుననో తమిళముననో పలికెను. గుమాస్తా తన చెవికి తోచినట్లు ఇంగ్లీషు అక్షరములలో వ్రాసెను. వ్రాసినది సరియో కాదో చదివి చూచుకొను శక్తి ఆ కూలికి లేదు. ఇట్లు చెవి నుండి కలమునకు వచ్చుటలోనే పేర్లు చెడినవి. నేడు దక్షిణాఫ్రికాలో 'నైడూ' యని దీర్ఘము తీసి వ్రాయబడునది మన నాయుడు. 'గోవెండర్' అనునది మనకు ఇరుగుపొరుగైన గౌండరు. 'మూడ్లీ' అనునది మొదలియారు. ఇట్టి పేరును చూచినప్పుడు కన్నులతో చదువక, బిగ్గరగా పలికి చెవితో వినవలెను. అప్పుడు అసలు పేరు బయటపడును.

కొన్ని పేర్లు తమ ప్రాంతమును తామే చెప్పును. దక్షిణాఫ్రికాలో 'అప్పల్‌సామి' అను కుటుంబ నామము కలదు. అప్పలస్వామి, అప్పన్న, సింహాచలము అను పేర్లు విశాఖపట్టణము, శ్రీకాకుళము వైపు సింహాద్రి అప్పన్న భక్తులలో మెండు. అట్టి పేరు గలవారు ఉత్తర కోస్తాను ముందుగా వెదకుట యుక్తము. ఇది ఒక సూచన మాత్రమే; సాక్ష్యము కాదు.

ఇక జిల్లా సంగతి. పట్టీలో వ్రాసిన జిల్లా ఆనాటిది. నేటి పటములో దానిని వెదకిన దొరకదు. ఉత్తర ఆర్కాడు అని యున్నచో నేటి తమిళనాడును మాత్రమే వెదకరాదు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువరకు చిత్తూరు ఉత్తర ఆర్కాడులోనిదే. గంజాము అని యున్నంత మాత్రమున ఒడిశా వారని తలపరాదు. శ్రీకాకుళము ఆ దినములలో గంజాము జిల్లాలో నుండెను. సేలము అని యున్నచో నేటి సేలము, నామక్కల్ జిల్లాలే గాక ధర్మపురియు, 2004లో దానినుండి విడివడిన కృష్ణగిరియు ఆ పేరులోనే అణగియున్నవి. ఆంధ్రప్రదేశమున 2022 ఏప్రిలులో 13 జిల్లాలు 26 అయినవి. కాబట్టి పట్టీ యే సంవత్సరమునాటిదో ఆ సంవత్సరపు జిల్లా యెల్లలను ముందుగా తెలిసికొనవలెను.

ఊరిపేరు మరింత కష్టము. ఇందుకు మన ఊరే మంచి ఉదాహరణము. మల్లాపురమను పేరుగల గ్రామములు తమిళనాటను, కన్నడనాటను, తెలుగునాటను అనేకము. వానినుండి మన ఊరిని వేరుచేయునది ముందున్న 'బి' అను ఒక్క అక్షరము. అది బొమ్మిడికి గుర్తు. నూటయేబది యేండ్ల క్రిందట కూలివాడు తన ఊరు మల్లాపురమని చెప్పెనే గాని ఆ అక్షరమును చెప్పియుండడు. చెప్పినను గుమాస్తా వ్రాసియుండడు. అందుచేత ఊరిపేరును ఒంటరిగా ఎన్నడును నమ్మరాదు. తాలూకాతో జతచేసి చూడవలెను.

కులపు గడిని, వయసు గడిని కూడ కొంత జాగ్రత్తతో చదువవలెను. కూలికి కుదుర్చు మనుష్యులు చెప్పించిన కులమును చెప్పినవారు కలరు. వయసు అందాజుగా వ్రాసినదే. ఇరువది, ఇరువదియైదు, ముప్పది యను సంఖ్యలు మాటిమాటికి కనిపించుట అందుచేతనే. అయిదేండ్లు అటునిటు చూచుకొనుట మంచిది.

ఒక వరుసను చదువు విధము

చెప్పిన దానిని స్పష్టపరచుటకై ఒక వరుసను ఊహించుకొందము. ఇది మేము కల్పించినదే గాని యే యొక్కరిదియు గాదు. 'పేరు వీరమ్మ, తండ్రి మునిసామి, వయసు 22, జిల్లా సేలము, తాలూకా ఉత్తంగరై, గ్రామము మల్లాపురము, ఎడమ మోచేతిపై మచ్చ' అని యున్నదనుకొనుడు. డర్బనులోని ఆమె ముని మనుమరాలికి దీనినుండి ఏమి తెలియును?

మొదట ఆ వరుసకు పైనను క్రిందను ఉన్న వరుసలను చూడవలెను. ఒక ఊరివారు, ఒక కుటుంబమువారు తోడుగా బయలుదేరుట సహజము. వారి పేర్లు పట్టీలో ప్రక్కప్రక్కనే పడును. ఒక వరుసలో చెడిన ఊరిపేరు ప్రక్క వరుసలో బాగుగా వ్రాయబడి యుండవచ్చును. భర్తయో, అన్నయో, చెల్లెలో ఆ ప్రక్కననే దొరకవచ్చును.

రెండవది, ఆనాటి సేలము జిల్లాలో ఈ పేరుగల గ్రామములన్నిటిని జాబితా వ్రాసికొని, తాలూకాను బట్టి ఒక్కొక్కటి తీసివేయవలెను. తాలూకాల యెల్లలును మారినవి గనుక పాత పటమునే చూడవలెను. లె ఫాను దొర 1883లో ప్రకటించిన సేలము జిల్లా మాన్యువలు, రిచర్డ్సు దొర 1918లో ప్రకటించిన గెజెటీరు ఇందుకు తోడ్పడును.

మూడవది, మిగిలిన గ్రామమున ఆ కాలమునకు మునిసామి యను తండ్రి పేరు భూమి లెక్కలలో కలదేమో చూడవలెను. భూమి లేనివాడైనచో అక్కడ కనిపింపడు. అది కూడ ఒక సమాచారమే.

నాలుగవది, ఆ గ్రామమునకు పోయి ముసలివారిని అడుగవలెను. ఓడ యెక్కిపోయి మరల రాని ఆడపడుచు కథ యే యింటనైన నిలిచియున్నదా యని విచారింపవలెను. పట్టీ, భూమి లెక్క, ఇంటిమాట ఈ మూడును ఒకదానితో నొకటి పొసగినచో జాడ దొరకినట్లే. రెండు ఊళ్ళు మిగిలినచో రెండును మిగిలినవని వ్రాసికొని ఊరకుండవలెను. మనసునకు నచ్చిన ఊరిని ఎంచుకొని మనవారిని కల్పించుకొనుట వంశచరిత్ర కాదు.

పట్టీలో లేనిది

ఇన్ని గడులు గల పట్టీలో మన తెలుగువారికి ప్రాణప్రదమగు ఒక గడి లేదు. అది ఇంటిపేరు. తెలుగువాడు తన్ను ఎరిగించుకొనునప్పుడు ముందు ఇంటిపేరు, పిమ్మట తన పేరు చెప్పును. పెండ్లిమాటలలో మొదట అడుగునదియు ఇంటిపేరు, గోత్రములే. కాని పట్టీ గీసిన దొరకు ఆ సంగతి తెలియదు. తండ్రిపేరు ఉన్న చాలునని తలచెను. దాని ఫలితమేమి? నాటాలులో కొన్ని కుటుంబములలో మొదట దిగిన మనిషి పేరే బిడ్డలకు కుటుంబ నామమైనది. అప్పలస్వామి కొడుకులందరును అప్పల్‌సాములైరి. ఇంకొన్ని కుటుంబములలో నాయుడు, రెడ్డి యను తోకయే మిగిలినది. వేలకొలది కుటుంబములకు ఒకే తోక యున్నప్పుడు దానివలన ఎవరి మూలము తెలియును?

అచ్చటి తెలుగువారు ఈ నష్టమును ఎరిగినవారే. 1931లో వారు దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భాషను, పండుగలను నిలుపుకొనుటకు పాటుపడుచున్నారు. భాషను మరల నేర్చుకొనవచ్చును. మరచిన ఇంటిపేరును నేర్పగల బడి యెక్కడను లేదు. దానిని చెప్పగలవారు ఇక్కడి ఊళ్ళలోనివారే.

వెదకులాటకు నేడు మరియొక ప్రయోజనము కూడ చేకూరినది. భారత రాష్ట్రపతి శ్రీమతి ద్రౌపదీ ముర్ము 2024 మార్చిలో మారిషస్‌ను దర్శించినప్పుడు, ఆ దేశమందలి భారతీయ సంతతివారు ఏడవ తరమువరకు ఓ.సి.ఐ. కార్డు పొందుటకు అర్హులగునట్లు ఏర్పాటు ప్రకటితమయ్యెను. ఏడవ తరమువాడు తన సంతతిని నిరూపింపవలెనన్న పాత పట్టీయే శరణ్యము. ఏనాడో తోటల యజమానుల లెక్కకై వ్రాసిన కాగితము నేడు పుట్టినింటి తలుపునకు తాళపుచెవి యైనది.

ఇక్కడి కాగితములు

ఓడపట్టీ వంతెనకు ఒక గట్టు. రెండవ గట్టు మన ఊళ్ళలోని లెక్కలు. వానిని గూర్చియు కొంత తెలిసికొనవలెను.

జనాభా లెక్కలలో పూర్వికుల పేర్లు దొరకునని అనేకులు తలచుదురు. మనదేశమున అట్లు దొరకవు. 1871 మొదలు పదేండ్లకొకమారు లెక్క తీసినను మొత్తపు అంకెలనే నిలిపిరి గాని ఇంటింటి పేర్లు వ్రాసిన కాగితములను నిలుపలేదు. మనకు అంతకంటె మేలైనవి భూమి లెక్కలు. ఇందులో మన ప్రాంతమునకు ఒక విశేషము కలదు. ధర్మపురి ప్రాంతము పూర్వము బారామహాలులోనిది. 1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన అది టిప్పు సుల్తాను నుండి కుంపిణీవారి వశమయ్యెను. అప్పుడు కెప్టెను అలెగ్జాండర్ రీడ్, ఆయనకు సహాయుడైన థామస్ మన్రో 1799 వరకు ఈ సీమలో పొలము పొలమును కొలిపించి, రైతు రైతుతో నేరుగా పన్ను నిర్ణయించు పద్ధతికి నారు పోసిరి. తరువాత రాయలసీమ తెలుగువారికి చిరపరిచితుడైన మన్రో ఈయనయే. రైతువారీ పద్ధతికి పుట్టినిల్లు మన బారామహాలే యనుట అతిశయోక్తి కాదు. మధ్యవర్తి జమీందారు పేరు గాక, దున్నువాని పేరు లెక్కలోనికి ఎక్కుట వంశమును వెదకువానికి ఎంతో మేలు చేసినది. నేటి చిట్టా, అడంగలు, పట్టాలు ఆ పద్ధతి సంతానమే.

దేవాలయములకు, విద్వాంసులకు, వృత్తులవారికి మాన్యముగా నిచ్చిన భూములను 1858లో ఏర్పడిన ఇనాం కమీషను విచారించినది. ఆ రిజిస్టరులలో మాన్యము మొదట పొందినవారి పేరును, ఆనాటి అనుభవదారుల పేర్లును కనిపించును. క్రయవిక్రయ దస్తావేజులలో తండ్రిపేరు, నివాస గ్రామము తప్పక వ్రాయుదురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమునకు ముందునుండియే ఇవి నమోదగుచుండెను. జనన మరణములను నమోదు చేయుటకు మద్రాసు రాజధానిలో 1899లో ప్రత్యేక చట్టము చేసిరి. ఈ లెక్కలలో పలుభాగము వ్రాసినవారు గ్రామ కరణములు, మునసబులు. తమిళనాట 1980లోను, ఆంధ్రమున 1984లోను ఆ వంశపారంపర్య పదవులు రద్దయినవి. మద్రాసు ప్రభుత్వపు పాత దస్త్రములు చెన్నపట్టణమున ఎగ్మూరులోని పత్రాలయమున నున్నవి.

కాగితము కానివి కూడ కలవు. రెడ్లు, కమ్మవారు మొదలగువారి గోత్రములను, వంశక్రమమును చెప్పి కానుకలు పుచ్చుకొను పిచ్చుకుంట్లవారు మన నడయాడు పత్రాలయములు. కాశీ, గయలలోని పండాలు తమ యజమానుల ఊరు, పేరు, తండ్రితాతల పేర్లు వహీలలో వ్రాసికొందురు. కులదైవము కూడ ఒక సాక్షియే. కుటుంబము ఊరు మారినను కులదైవము గుడి మారదు. తలనీలాలు ఏ ఊరి గుడిలో సమర్పింతురో విచారించినచో మునుపటి ఊరు తెలియవచ్చును.

ఐర్లండువారి అనుభవము

కాగితములు లేవని నిరాశ చెందువారు ఐర్లండువారి చరిత్రను తెలిసికొనవలెను. 1845లో ఆ దేశమున బంగాళాదుంప పంట తెగులుచే నశించి ఘోరమైన కరవు సంభవించెను. సుమారు పది లక్షలమంది మరణింపగా, మరి పది లక్షలమంది అమెరికా మొదలగు దేశములకు ఓడలెక్కిరి. వారి వారసులు నేడు ప్రపంచమంతట ఉన్నారు. 1922 జూను 30న డబ్లిన్ నగరమున అంతర్యుద్ధపు ఆరంభమున ప్రభుత్వ పత్రాలయము అగ్నికి ఆహుతియయ్యెను. 1821 మొదలు 1851 వరకు ఇంటింటి పేర్లతో తీసిన జనాభా లెక్కలలో దాదాపు అన్నియు భస్మమైనవి. ఆ తరువాతి నాలుగు మారుల లెక్కలు అంతకుముందే ప్రభుత్వపు ఉత్తరువుచే నాశనమైనవి. పూర్తిగా మిగిలినవి 1901, 1911 సంవత్సరములవి మాత్రమే.

అయినను ఐరిషువారు వెదకుట మానలేదు. ఒక వాకిలి మూసికొన్న మరియొక వాకిలి తట్టిరి. గ్రిఫిత్ అను అధికారి 1847 మొదలు 1864 వరకు పన్ను కొరకు ప్రతి భూమికి వెలకట్టి, దానిని అనుభవించువాని పేరు వ్రాయించియుండెను. ఆ పుస్తకమే నేడు వారికి జనాభా లెక్కలకు బదులైనది. కాతలిక్కు చర్చీలలోని బాప్టిజము, వివాహ నమోదులు డబ్లినుకు చేరక ఊరూర నుండుటచే మంటల నుండి తప్పించుకొన్నవి. దగ్ధమైన పత్రాలయమును ఇతర దేశములలో దొరకిన నకళ్ళతో కంప్యూటరులలో మరల నిర్మించి, నూరేండ్లు నిండిన సందర్భమున 2022లో ప్రజలకు తెరచిరి.

దీనినుండి మనము గ్రహింపవలసినవి రెండు. పన్ను కొరకు వ్రాసిన లెక్క కూడ వంశచరిత్ర యగును. ఒకేచోట దాచినది ఒకేమారు పోవును. ఊరూర, ఇంటింట ఉన్నది నిలుచును.

పట్టీలు లేనివారు

ఓడపట్టీ గలవారు ఒక విధముగా అదృష్టవంతులు. బర్మాకు, సింహళమునకు, మలయాకు వెళ్ళిన తెలుగువారు వారికంటె తక్కువవారు కారు. కాని వారిలో అనేకులు మేస్త్రీల వెంటను, కంగాణీల వెంటను పోయినవారు. అట్టి ప్రయాణములలో ఒక్కొక్క మనిషికి తండ్రిపేరు, గ్రామము, మచ్చలతో వరుస వ్రాయు ఆచారము లేకుండుటచే వారి జాడ మరింత కష్టము. ఇంటనున్న పాత ఉత్తరములు, పంపిన డబ్బు రసీదులు, పాసుపోర్టులు, దంపతుల ఫోటో వెనుక వ్రాసిన ఊరిపేరు వారికి పట్టీలు. ఇట్టివి పెట్టెల అడుగున నున్నచో చెదలు పట్టకమునుపే తీసి నకలు వ్రాసికొనవలెను.

మన సంగతి

ఇంతవరకు సముద్రము దాటినవారిని గూర్చి చెప్పితిమి. మనము మాత్రము ఎవరము? ధర్మపురి, కృష్ణగిరి, సేలము సీమలలోని తెలుగు కుటుంబములలో పెక్కు విజయనగర రాజుల కాలమునను, ఆ తరువాతి నాయకుల కాలమునను ఉత్తరము నుండి తరలివచ్చినవే. సైన్యముతో వచ్చినవారు కొందరు, నల్లరేగడి భూములు వెదకుకొనుచు వచ్చినవారు కొందరు, మగ్గము భుజాన వేసికొని వచ్చినవారు కొందరు. మనము ఓడ యెక్కలేదు. బండి కట్టుకొని వచ్చితిమి. వలసవచ్చినవారమే.

నాటాలు గుమాస్తా ఇంటిపేరును వదలివేసెనని పైన చెప్పితిమి. మన బడి రిజిస్టరులో జరుగుచున్నదేమి? తమిళనాటి ఆచారమును బట్టి బాలుని పేరునకు ముందు తండ్రి పేరులోని మొదటి అక్షరమును చేర్చుచున్నాము. అది ఈ నాటి మర్యాద. అందు తప్పేమియు లేదు. కాని ఆ అక్షరము తండ్రితో ఆగిపోవును. తాత యెవరో, ఇంటిపేరేదో అది చెప్పదు. కొడుకు తండ్రియైనప్పుడు ఆ అక్షరమును మారిపోవును. మన ఊరిపేరు ముందున్న 'బి' నూరేండ్లయినను బొమ్మిడినే తెలుపును. మనిషి పేరు ముందున్న అక్షరము తరమునకొకటి. ఇట్లు రెండు మూడు తరములు గడచినచో, ఓడ యెక్కకయే, ఇంటనే కూర్చుండి, మనము నాటాలువారి స్థితికి వచ్చెదము. ఇంటిపేరు తెలియని తెలుగు బిడ్డలు మన వీధులలో నేడును లేకపోలేదు.

దీనికి ఖర్చు లేని ఉపాయము కలదు. ప్రతి విద్యార్థియు ఒక నోటు పుస్తకములో ఒక పుటను కుటుంబమునకు కేటాయింపవలెను. అందు ఇంటిపేరు, గోత్రము, కులదైవము, ఆ దైవముండు ఊరు వ్రాయవలెను. తండ్రి, తాత, ముత్తాతల పేర్లు, వారు పుట్టిన ఊళ్ళు వ్రాయవలెను. తల్లి, అవ్వ, ముత్తవ్వల పేర్లను, వారి పుట్టినింటివారి ఇంటిపేర్లను, ఊళ్ళను తప్పక వ్రాయవలెను. మనము గీయు వంశవృక్షములలో ఆడవారి పేర్లు తరచుగా కనిపింపవు. కూలీల లెక్కకై వ్రాసిన ఓడపట్టీయే ప్రతి స్త్రీకి వేరుగా ఒక సంఖ్యను, తండ్రిపేరును, గ్రామమును ఇచ్చినది; మన యింటి పట్టీ అంతకంటె తక్కువ కారాదు. ఇంటిలో ఏ యే పట్టాలు, దస్తావేజులు, పాత ఉత్తరములు కలవో, అవి ఏ భాషలో నున్నవో వ్రాయవలెను. ఊరు విడిచి పోయినవారెవరైన యున్నచో వారి పేరు, పోయిన సంవత్సరము, పోయిన దేశము వ్రాయవలెను. చివరకు ఈ సంగతులు చెప్పినవారెవరో, చెప్పిన తేదీ యేదో వ్రాసి, సందేహముగా నున్నదానిని సందేహమనియే గుర్తించవలెను. తెలుగునను తమిళమునను రెండింటను వ్రాసినచో రేపు చదువువారు ఏ లిపి నేర్చినవారైనను చదువగలరు.

అట్టి పుటలు ఇంట నొకటి, బడిలో నొకటి యుండవలెను. ఐర్లండువారు నేర్పిన పాఠము ఇదియే. మన పాఠశాలయందలి ప్రవేశ రిజిస్టరు ఇప్పటికే ఒక చిన్న పత్రాలయము. బాలుని పేరు, తండ్రిపేరు, ఊరు, పుట్టినతేదీ, మాతృభాష అందున్నవి. ఈ పుటలు దాని ప్రక్కన చేరినచో ఆ పత్రాలయము సంపూర్ణమగును. ఏనాడైన డర్బను నుండియో, పోర్టులూయీ నుండియో ఒకరు చేత పట్టీ పట్టుకొని మన వాకిట నిలిచి, మునిసామి యిల్లేదని అడిగినచో, ఆ యింటివారి పేరు చెప్పుటకు ఇచ్చట ఒక కాగితమైన నుండవలెను గదా.

వేసవి సెలవులలో విద్యార్థులు అవ్వతాతల ఊళ్ళకు పోవుదురు. వారికి జ్ఞాపకశక్తి యుండగనే అడిగి వ్రాసికొనవలెనని మా కోరిక. వారితోపాటు పోవు సంగతులను ఏ దేశపు పత్రాలయమును మరల తెచ్చి యీయజాలదు.